మూడుకీ నాలుగుకీ మధ్య కొలరాడో

ఫోర్ట్‌వర్త్ దాటి వాయవ్యంగా సాగే యూఎస్ 287 రోడ్డు మీద ఊళ్లన్నీ ఒకే తీరున ఎదురవుతాయి. ముందు వేగ పరిమితి బోర్డు, ఆ తర్వాత ధాన్యం నిలవచేసే ఎత్తయిన సిమెంటు గాదెలు, కోర్టు భవనం, రెండు పెట్రోలు బంకులు. దాటగానే మళ్లీ పచ్చిక బయళ్లు. ఆ ఊళ్ల దగ్గర వేగం గంటకి 50 మైళ్లకి తగ్గినప్పుడల్లా ఆ పికప్ బండికి వణుకు పుట్టేది. ఇంజను వేగం చూపే ముల్లు ఉన్నట్టుండి రెండు, మూడు వందల ఆర్‌పిఎం పైకి లేస్తుంది. మరుక్షణం పడిపోతుంది. మళ్లీ లేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం కదలదు.

బండి 2001 నాటి డాడ్జ్ రామ్ 2500. ముందు 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజను, వెనక తగిలించిన చిన్న క్యాంపర్ ట్రైలర్. నడిపేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పక్క సీట్లో అతని మేనమామ. విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పి బిగిస్తూ తల నెరిసిన మనిషి. మేనల్లుడి సంసారం చూసిపోదామని వచ్చాడు. ఇద్దరూ బయల్దేరింది కొలరాడో కొండల్లో ఉన్న పగోసా స్ప్రింగ్స్‌కి. టెక్సస్ మైదానం మీదుగా అమరిల్లో, న్యూమెక్సికో ఈశాన్యపు మూల, రటోన్ కనుమ, లా వేటా కనుమ, చివర ఉల్ఫ్ క్రీక్ కనుమ. మేనల్లుడు ఈ దారిని ఎంచుకున్నది కొండల కోసం. గేర్‌బాక్సు రోగాలు ఒక్కొక్కటీ ఒక్కో రకం రోడ్డు మీద బయటపడతాయని, ఈ దారిలో ఆ రోడ్లన్నీ వరసగా తగులుతాయని వాళ్లకి పోనుపోను తెలిసింది.

ఇర్వింగ్‌లో మొదటిసారి బానెట్ ఎత్తగానే పెద్దాయన మొహం వెలిగింది. "ఇది మన టాటా బండి ఇంజనే కదరా!" అన్నాడు. ఆ మాటలో అతిశయోక్తి కొంచెమే. 1993లో టాటా, కమ్మిన్స్ కలిసి పెట్టిన జంషెడ్‌పూర్ కర్మాగారం నుంచి వచ్చిన లారీ ఇంజనూ ఈ వంశానిదే: ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు, 102 మిల్లీమీటర్ల బోరు, 120 మిల్లీమీటర్ల స్ట్రోకు. 1613 టీసీ లాంటి లారీల పేరు చివర ఉండే టీసీ అంటే టాటా కమ్మిన్స్. రామ్‌లో ఉన్నది 24 వాల్వులతో, కంప్యూటర్ అజమాయిషీలో పనిచేసే బాష్ ఇంజెక్షన్ పంపుతో వచ్చిన తర్వాతి తరం. ఆటోమేటిక్ గేర్లున్న బండికి ఆ ఏడాది కంపెనీ ఇచ్చిన శక్తి 235 హార్స్‌పవర్, 460 పౌండ్-అడుగుల టార్కు. ఇంజను చుట్టరికం దొరికింది, బాగానే ఉంది. దాని వెనక ఉన్న పెట్టెతోనే చిక్కు. క్లచ్ పెడలు లేని బండిని ఆయన తన చేత్తో ఎన్నడూ విప్పలేదు.

ఆ పెట్టె పేరు 47ఆర్ఈ. 4 అంటే ముందుకు నాలుగు గేర్లు. 7 అంటే ఎంత టార్కు మోయగలదో చెప్పే తరగతి. ఆర్ అంటే వెనక చక్రాలకి శక్తినిచ్చే అమరిక, ఈ అంటే ఎలక్ట్రానిక్. క్రైస్లర్ వాళ్లు 1956లో తెచ్చిన టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్సుకి ఇది మనవడి వరస. మూడు గేర్ల పాత పెట్టెకి వెనక ఓవర్‌డ్రైవ్ యూనిట్ ఒకటి జోడించి, డీజిల్ బరువుకి తగ్గట్టు గట్టిపరిచి తయారుచేశారు. మొదటి గేరు నిష్పత్తి 2.45, రెండోది 1.45, మూడోది నేరుగా 1, నాలుగోది 0.69.

ఇంజనుకీ ఈ గేర్లకీ మధ్య క్లచ్ ప్లేటుకి బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి స్విచ్ వేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, ఇక్కడ గాలి స్థానంలో నూనె. అలా తిప్పడంలో ఎప్పుడూ కొంత జారుడు ఉంటుంది. జారుడంటే వేడి, వేడంటే వృథా అయిన డీజిల్. అందుకే దారి సాఫీగా ఉన్నప్పుడు కన్వర్టర్ లోపలే ఉన్న ఒక క్లచ్ ఆ రెండు భాగాలనీ కలిపి బిగించేస్తుంది. దీన్నే లాకప్ అంటారు. అది పడినప్పుడు ఇంజను వేగం రెండు, మూడు వందల ఆర్‌పిఎం తగ్గుతుంది. విడినప్పుడు అంతే పెరుగుతుంది. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి మాత్రం అది గేరు మారినట్టే ఉంటుంది. కొత్తగా ఆటోమేటిక్ కొన్నవాళ్లు చాలామంది నాలుగు గేర్ల బండికి ఐదో గేరుందనుకునేది దీన్ని చూసే.

విచిటా ఫాల్స్ శివార్లలో, చదునుగా సిమెంటు పోసిన ఒక బంకు ఆవరణలో మొదటి పరీక్ష జరిగింది. మేనల్లుడు ఇంజను ఆపబోతుంటే పెద్దాయన వద్దనలేదు, ఎందుకంటే లారీల్లో ఆయిల్ చూసేది ఇంజను ఆపాకే. అలా కాదని చెప్పింది బండి మాన్యువల్. గేర్‌బాక్సు ఆయిల్ బాగా కాగి, సుమారు 82 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. ఇంజను నడుస్తూనే ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, లివర్ని గేర్లన్నిటి మీదుగా ఒకసారి తిప్పి న్యూట్రల్‌లో నిలపాలి. చాలా బండ్లకి పార్క్‌లో పెట్టి చూస్తారు. ఈ పెట్టె మటుకు పార్క్‌లో ఉండగా కన్వర్టర్‌కి ఆయిల్ పంపదు. అప్పుడు చూసిన మట్టం మీద నమ్మకం ఉండదు. ఇదే బండి కొన్నాళ్లు కదలకుండా నిలిచిపోతే, పొద్దున డ్రైవ్‌లో వేశాక కాసేపు ఉలుకూపలుకూ లేకుండా ఉండి తర్వాత కదలడానికీ కారణం అదే. కన్వర్టర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేశాక కొన్ని క్షణాలు న్యూట్రల్‌లో ఉంచితే మళ్లీ నిండుతుంది. దాన్ని చూసి క్లచ్‌లు పోయాయని పెట్టె దింపించేవాళ్లున్నారు.

డిప్‌స్టిక్ మీది చుక్కని పెద్దాయన తెల్ల కాగితం మీద అద్ది ఎండకేసి చూశాడు. ఎరుపు కాస్త మందగించినా నలుపెక్కలేదు. వాసన చూశాడు. మాడు వాసన లేదు. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా ఏదీ తగల్లేదు.

"ప్లేట్లు కాలిపోతే ఈ పాటికి ముక్కు బద్దలయ్యే వాసన రావాలిరా అబ్బాయ్. లోపల బానే ఉంది. నీ జబ్బు బయటెక్కడో ఉంది."

"బయటంటే ఎక్కడ మావయ్యా?"

"అదే తెలిస్తే ఇక్కడెందుకు ఆగుతాం? పోనీయ్."

వెర్నన్ దాటాక క్వానా. కమాంచీ తెగ నాయకుడు క్వానా పార్కర్ పేరు పెట్టుకున్న ఊరు. ఆ తర్వాత చిల్డ్రెస్. ఆ మధ్య రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. ఇలాంటి చోటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుని నిలదీసి అడగడానికి వీలు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, ముందూ వెనకా బండ్లు లేవు. ముల్లు కదిలితే నేరం రోడ్డుది కాదని గట్టిగా చెప్పొచ్చు.

మొదటి ప్రశ్న: ఊగులాడుతున్నది మూడో గేరుకీ నాలుగో గేరుకీ మధ్యా, లేక నాలుగో గేరులోనే ఉంటూ లాకప్ పడుతూ విడుతూ ఉందా? దీనికి పనిముట్లు అక్కర్లేదు. డాష్‌బోర్డు మీద ఓవర్‌డ్రైవ్ ఆపే బటన్ ఉంటుంది. అది నొక్కితే నాలుగో గేరు దొరకదు, బండి మూడులో ఆగిపోతుంది. లాకప్ మాత్రం మూడో గేరులోనూ పడుతుంది. నొక్కి చూశారు. ఇంజను కొంచెం గట్టిగా మోగుతోంది, వణుకు మాత్రం పోలేదు. నాలుగో గేరు మీద పెట్టిన అనుమానం అక్కడితో తీరిపోయింది.

ముల్లు ఎంత ఎగురుతోందన్నదీ సాక్ష్యమే. ఈ బండి వెనక ఇరుసు నిష్పత్తి 3.54. మామూలు టైర్లతో గంటకి 65 మైళ్ల మీద, నాలుగో గేరులో, లాకప్ పడి ఉంటే ఇంజను తిరిగేది సుమారు 1,700 ఆర్‌పిఎం. అదే మూడో గేరైతే దాదాపు 2,450. గేరే మారుతుంటే ముల్లు ఏడెనిమిది వందలు గెంతాలి. ఇక్కడ గెంతుతున్నది రెండు, మూడు వందలే. రెండో రుజువు బ్రేకు పెడలు ఇచ్చింది. నిలకడగా పోతూ, బ్రేకు పట్టకుండా వెనక లైటు వెలిగేంత మాత్రం పెడల్ని ఎడమకాలితో తాకితే కంప్యూటర్ లాకప్ విడిచేస్తుంది. తాకినప్పుడు ముల్లు సరిగ్గా అంతే ఎగిరింది.

అంటే లాకప్ క్లచ్ అడిగినప్పుడు పడుతోంది, అడిగినప్పుడు విడుతోంది. అడిగేవాడికే నిలకడ లేదు.

ఇక్కడ ఈ పెట్టె స్వభావం గురించి ఒక మాట చెప్పుకోవాలి. 47ఆర్ఈలో రెండు ప్రభుత్వాలున్నాయి. ఒకటి నుంచి రెండుకీ, రెండు నుంచి మూడుకీ గేరు మారడం ఆయిల్ ఒత్తిడుల తగాదా. బండి వేగంతో పెరిగే గవర్నర్ ఒత్తిడి ఒకవైపు తోస్తుంది. యాక్సిలరేటర్‌తో పెరిగే థ్రాటిల్ ఒత్తిడి రెండోవైపు తోస్తుంది. ఎవరు నెగ్గితే గేరు అటు. నాలుగో గేరు, లాకప్ మాత్రం కంప్యూటర్ చేతిలో ఉంటాయి. అది వేగం, ఇంజను వేడి, యాక్సిలరేటర్ ఎంత నొక్కారన్నది చూసి, రెండు సోలెనాయిడ్లకి, అంటే కరెంటుతో ఆడే ఆయిల్ కవాటాలకి, కరెంటు పంపుతుంది. కాబట్టి మొదటి మూడు గేర్లలో తేడా వస్తే చూపు ముందు ఆయిల్ వైపు, కేబుల్ వైపు పోవాలి. నాలుగులోనో లాకప్‌లోనో వస్తే తీగల వైపు పోవాలి. కొంత కలగాపులగమూ ఉంది: గవర్నర్ ఒత్తిడిని తయారుచేసేది కూడా ఒక సోలెనాయిడే, దాన్ని ఆడించేదీ కంప్యూటరే. అయినా మొదటి కత్తిరింపుకి ఈ విభజన చాలు.

అమరిల్లో చేరేసరికి డల్లాస్ నుంచి సుమారు 580 కిలోమీటర్లు నడిచింది బండి. కంటికి దారంతా చదునే. నిజానికి డల్లాస్ సముద్ర మట్టానికి నాలుగు వందల పైచిలుకు అడుగుల ఎత్తులో ఉంటే, అమరిల్లో 3,600 అడుగుల మీద ఉంది. ఊరికి పడమర, పొలంలో ముక్కులు నేలలో పూడ్చి నిలబెట్టిన పది క్యాడిలాక్ కార్ల వరస ఉంది. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం పాతింది వాటిని. వచ్చినవాళ్లు తలా ఒక రంగు డబ్బా తెచ్చి వాటి మీద పిచికారీ కొట్టిపోతారు. పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "ఇంజన్లు తీసేశారా, వాటితో సహా పాతారా?" అని అడిగాడు. మేనల్లుడి దగ్గర జవాబు లేదు.

విద్యుత్ పరీక్ష అక్కడికి దగ్గర్లో ఒక విడిభాగాల దుకాణం పార్కింగులో. ముందు కోడ్లు. ఈ ఏళ్ల రామ్‌లో స్కానర్ లేకపోయినా దారి ఉంది: ఇంజను స్టార్ట్ చేయకుండా తాళంచెవిని చకచకా మూడుసార్లు ఆన్ చేస్తే, కంప్యూటర్ దాచుకున్న కోడ్లు ఓడోమీటర్ గడిలో వరసగా కనిపిస్తాయి. పి1740 వస్తే లాకప్ లేదా ఓవర్‌డ్రైవ్ చెప్పినట్టు నడవడం లేదని. పి1756 వస్తే గవర్నర్ ఒత్తిడి అడిగినంత లేదని. ఇక్కడ ఏ కోడూ రాలేదు. తప్పు లేదని దానర్థం కాదు. తనకి అందిన సమాచారాన్ని కంప్యూటర్ నిజమని నమ్ముతోందని మాత్రమే.

ఆ సమాచారంలో ముఖ్యమైనది యాక్సిలరేటర్ ఎంత నొక్కారో చెప్పే సెన్సార్ది. అది పంపేది సన్నని వోల్టేజీ. దాని మీద ఎక్కడినుంచైనా అలజడి వచ్చి పడితే, కాలు కదలకపోయినా కదిలినట్టు కంప్యూటర్‌కి తోస్తుంది. కాలు ఎత్తారనుకుని లాకప్ విడుస్తుంది, మళ్లీ పెట్టారనుకుని వేస్తుంది. అలజడికి పేరుమోసిన పుట్టిల్లు ఆల్టర్నేటర్. అది పుట్టించేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చేవి లోపలి డయోడ్లు. వాటిలో ఒకటి నీరసపడినా బ్యాటరీ చార్జ్ అవుతూనే ఉంటుంది, లైట్లు బాగానే వెలుగుతాయి. కొంత ఏసీ మాత్రం వడకట్టకుండా తీగల్లోకి చేరుతుంది.

కొలవడం తేలిక. ఇంజను నడుస్తుండగా మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి తిప్పి బ్యాటరీ రెండు కొసలకీ ఆనించాలి. మెకానిక్కుల లెక్కలో వోల్టులో పదో వంతు దాటితే అనుమానించాలి. ఇక్కడ మీటరు అంతకు రెట్టింపు పైనే చూపింది. పెద్దాయన అయినా ఒప్పుకోలేదు. మీటరు చెప్పింది సరే, బండి చెప్పాలన్నాడు. ఆల్టర్నేటర్ వెనక రెండు పిన్నుల ప్లగ్ ఒకటుంది, అది పీకేస్తే చార్జింగ్ ఆగిపోతుంది. ఈ బండికి రెండు పెద్ద బ్యాటరీలు; పగటిపూట కొద్ది మైళ్లు వాటి మీదే నడుస్తుంది. ప్లగ్ పీకి, డాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం వెలుగుతుండగా ఊరి చుట్టూ ఉన్న రింగురోడ్డు ఎక్కారు. 45, 50, 55 మైళ్లు. ముల్లు అతికించినట్టు నిలబడింది.

"డైనమో పోయి గేర్‌బాక్సుని ఏడిపిస్తోంది. ఆటోనగర్లో ఈ మాటంటే నన్ను చూసి నవ్వుతారురా," అన్నాడాయన.

ఇలాంటి దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తాయి. పాత భాగం తెచ్చిస్తే దాని కింద పట్టిన సొమ్ము తిరిగిచ్చేస్తాయి. ఆ పాతదాన్నే మళ్లీ బాగుచేసి అమ్ముతారు. ఆటోనగర్ అలవాట్లకి ఇది కొత్త కాదు. రెండు బ్యాటరీల నెగటివ్ తీగలూ విప్పి, బెల్టు సడలించి, పార్కింగులోనే ఆల్టర్నేటర్ మార్చారు. తీగల కొసలకి పట్టిన పచ్చటి చిలుము గీకేయాలని పెద్దాయన పట్టుబట్టాడు. అదీ మంచిదే. ఈ రోగానికి ఎర్తింగు వదులు కావడం రెండో కారణం. ఆల్టర్నేటర్ మార్చాకా వణుకు వదలకపోతే చూడాల్సింది ఆ తీగల్నీ, ఆ తర్వాత సెన్సార్‌నే. గేర్‌బాక్సు వంతు అవన్నీ అయ్యాక.

అమరిల్లో నుంచి ఉత్తరంగా డ్యూమస్, అక్కడినుంచి పడమరకి డాల్‌హార్ట్. 1930లలో దుమ్ము తుపానులు ఊడ్చిపెట్టిన నేల ఇది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుపానుకి పట్టపగలే చీకటి పడింది. అమెరికా చరిత్రలో ఆ రోజుని నల్ల ఆదివారం అంటారు. టెక్స్‌లైన్ దగ్గర రాష్ట్రం మారుతుంది. క్లేటన్ దాటాక కపూలిన్ అగ్నిపర్వతం కనిపిస్తుంది, దాదాపు అరవై వేల ఏళ్ల కిందట చల్లారిన గుండ్రటి గుట్ట. కొన దాకా మెలి తిరుగుతూ రోడ్డు వేశారు. వణుకు పోయిన బండిలో ఆ మధ్యాహ్నమంతా గేర్‌బాక్సు ఊసు రాలేదు. పులిహోర డబ్బా తెరుచుకుంది.

రటోన్ ఊరు 6,680 అడుగుల మీద ఉంది. అక్కడ ఇంటర్‌స్టేట్ 25 ఎక్కే ర్యాంపు ఏటవాలు. ట్రైలర్ని లాగుతూ వేగం అందుకోవడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, రెండు నుంచి మూడుకి మారేచోట ఇంజను ఒక్కసారి గాలికి తిరిగినట్టు అరిచి, ఆ తర్వాత గేరు పట్టింది. మైదానంలో కానరాని జబ్బు ఇది. బరువు పడితేనే బయటికొస్తుంది.

ఇది మొదటి ప్రభుత్వం పని, అంటే ఆయిల్‌ది. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ముందరి బ్యాండు వదలాలి, ముందరి క్లచ్ పట్టాలి. బ్యాండంటే డ్రమ్ము చుట్టూ బిగిసే ఉక్కు పట్టీ. ఒకరు వదిలి ఇంకొకరు పట్టే ఆ సందులో ఆయిల్ ఒత్తిడి చాలకపోతే క్లచ్ జారుతుంది, ఇంజను అరుస్తుంది. క్లచ్ అరిగినా అంతే. రెండింటికీ లక్షణం ఒకటే, ఖర్చుకి మాత్రం పొంతన లేదు. అందుకే ముందు ఖర్చులేనిది చూడాలి: థ్రాటిల్ కేబుల్. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజను దగ్గర కదిలే లివర్ నుంచి వచ్చే ఈ కేబులు గేర్‌బాక్సు పక్కనున్న చిన్న లివర్ని కూడా కదిపి, కాలు బరువుకి తగ్గట్టు ఒత్తిడి పెంచుతుంది. కేబుల్ వదులైతే గేర్లు తొందరగా, మెత్తగా పడతాయి. మెత్తదనం హాయిగా ఉన్నా లోపల క్లచ్‌లు జారి కాలుతుంటాయి. బిగువైతే ఆలస్యంగా, కుదుపుతో పడతాయి. ఆ రెంటిలో యజమానికి చిరాకు తెప్పించేది బిగువు, పెట్టెని తినేసేది వదులు.

రటోన్ కనుమ ఎత్తు 7,834 అడుగులు. శాంటా ఫే బాటలో బళ్లు నడిచిన రోజుల్లో, 1860లలో, డిక్ వూటన్ అనే వ్యక్తి ఇక్కడ కొండ తొలిచి దారి వేసి, గేటు పెట్టి టోలు వసూలు చేశాడు. 1870ల చివర్లో శాంటా ఫే రైల్వే ఆ దారి హక్కు కొనేసింది. ఆ కనుమ మీదుగా నిదానంగా, కాలు బరువు పెట్టకుండా ఎక్కి, అవతల కొలరాడోలోని ట్రినిడాడ్‌లో ఆగారు.

కేబుల్ విషయంలో మేనమామకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది. ఇంజను ఆపించి, మేనల్లుడిని పెడలు మెల్లగా నొక్కమని, తను చాప పరుచుకుని బండి కిందికి దూరాడు. ఇంజను దగ్గర లివర్, గేర్‌బాక్సు దగ్గర లివర్ రెండూ ఒకే క్షణంలో కదలడం మొదలెట్టాలి. పైది కొంత దూరం కదిలాక గానీ కిందది కదల్లేదు. కేబుల్ చివర తాళంలా పనిచేసే మీట ఉంటుంది. దాన్ని విడిపించి, పెడలు మీద కాలు లేకుండా, కిందిలివర్ దాని మొదటి స్థానంలో ఉండగా వదులంతా లాగి మీట మళ్లీ బిగించారు. అంతకుముందు ఎవరో యాక్సిలరేటర్ సెన్సార్ మార్చి, కేబుల్ సర్దకుండా వదిలేసి ఉంటారన్నది పెద్దాయన ఊహ.

గవర్నర్ సోలెనాయిడ్ సంగతీ తేల్చుకున్నారు. అది మొరాయిస్తే సాధారణంగా కనిపించే గుర్తులు వేరు. బండి ఆగినా పెట్టె మొదటి గేరుకి దిగదు, కదిలేటప్పుడు రెండులోనో మూడులోనో ఈడుస్తుంది. లేదా ఎంత వేగం పెంచినా పై గేరుకి పోదు. ఒత్తిడి మీటరు పెట్టి చూస్తే, గంటకి ఒక మైలు వేగానికి సుమారు ఒక పిఎస్‌ఐ చొప్పున గవర్నర్ ఒత్తిడి పెరగాలి. బండి ఆగినప్పుడు ఒకటిన్నర దాటకూడదు. ఈ బండి ప్రతి సిగ్నల్ దగ్గరా శుభ్రంగా మొదటి గేరులో కదులుతోంది. కాబట్టి దాని జోలికి పోలేదు.

వాల్సెన్‌బర్గ్ దగ్గర యూఎస్ 160 మీదకి మళ్లి లా వేటా కనుమ ఎక్కుతుంటే కేబుల్ ఫలితం తెలిసింది. రెండు నుంచి మూడుకి గేరు ఇప్పుడు కాస్త ఆలస్యంగా, తట్టినట్టు పడుతోంది. అరుపు లేదు. కనుమ ఎత్తు 9,413 అడుగులు. ఎక్కుడులో కొత్త లెక్క మొదలైంది, వేడి. పాత యజమాని ఎవరో గేర్‌బాక్సు ఉష్ణోగ్రత మీటరు విడిగా బిగించి పెట్టాడు. కంపెనీ ఇచ్చింది హెచ్చరిక దీపం మాత్రమే, అది వెలిగేసరికి ఆయిల్ అప్పటికే బాగా కాలి ఉంటుంది. వర్క్‌షాపుల్లో చెప్పుకునే లెక్క ప్రకారం 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి పదకొండు డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుంది. ఈ బండికి చల్లబరిచే ఏర్పాట్లు రెండు, ఇంజను పక్కన నీటితో ఒకటి, రేడియేటర్ ముందు గాలితో ఒకటి. అయినా లాకప్ విడిపోయి, తక్కువ వేగంలో బరువు లాగుతుంటే ముల్లు పైకి పాకుతూనే ఉంటుంది.

మేనల్లుడికి నాలుగో గేరు మీద మమకారం, డీజిల్ కలిసొస్తుందని. ఎక్కుడులో అది నిలవదు. కంప్యూటర్ లాకప్ విడిచి, మూడుకి దించి, మళ్లీ నాలుగుకి ఎక్కించి నానా అవస్థా పడుతుంది. ఓవర్‌డ్రైవ్ ఆపేసి, 45 మైళ్ల దగ్గర మూడో గేరులో లాకప్ పట్టించి, కాలు కదపకుండా పొమ్మన్నాడు మేనమామ. ఇంజను 1,700 ఆర్‌పిఎం దగ్గర స్థిరపడింది. ఈ ఇంజనుకి టార్కు బాగా ఉండేచోటు అదే. వేడి ముల్లు పాకడం ఆగి, కాసేపటికి వెనక్కి దిగింది.

కనుమకి అవతల శాన్ లూయిస్ లోయ. కుడివైపు బ్లాంకా శిఖరం పద్నాలుగు వేల అడుగులు దాటి నిలబడి ఉంటుంది. దాని వెనక ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తయిన ఇసుక దిబ్బలు. అలమోసా మీదుగా రియో గ్రాండే నది పక్కన సౌత్ ఫోర్క్ దాకా పోతే, ఉల్ఫ్ క్రీక్ కనుమ అక్కడినుంచి మొదలవుతుంది. ఎత్తు 10,857 అడుగులు. ఖండాన్ని రెండుగా పంచే గట్టు ఇదే. తూర్పున పడిన వాన రియో గ్రాండే వెంట మెక్సికో సింధుశాఖకి, పడమర పడింది శాన్ హువాన్, కొలరాడో నదుల దారి పడుతుంది. దిగుడు 6.8 శాతం వాలు. 1975లో సి.డబ్ల్యు. మెకాల్ అనే గాయకుడు ఈ కనుమ మీద, బ్రేకులు పోయిన కోళ్ల లారీ గురించి పాట కట్టి దేశమంతా నవ్వించాడు. పాటలో ఆ లారీ చివరికి పోయి ఆగేది పగోసా స్ప్రింగ్స్‌లో ఒక దాణా దుకాణంలో. నిజం లారీల కోసం పడమటి వాలులో కంకర పోసిన అత్యవసర ర్యాంపులు కట్టారు.

"ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి," అన్నాడు మేనమామ శిఖరం మీద. శ్రీశైలం ఘాట్లో ప్రతి లారీ డ్రైవరుకీ ఉగ్గుపాలతో పోసే సూత్రం. ఈ బండిలో అది సగమే పనిచేస్తుంది. పెట్రోలు ఇంజనుకి గాలి దారి మూసే తలుపు ఉంటుంది కాబట్టి కాలెత్తగానే బండిని పట్టి ఆపుతుంది. డీజిల్‌కి ఆ తలుపు లేదు. పైగా కాలెత్తగానే ఈ పెట్టె లాకప్ వదిలేస్తుంది, కన్వర్టర్ ఖాళీగా జారుతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు బిగించుకున్నవాళ్లు దానితోపాటు లాకప్ పట్టి ఉంచే ఏర్పాటూ, పెంచిన ఆయిల్ ఒత్తిడీ పెట్టుకునేది అందుకే. ఏవీ లేని ఈ బండిని పైననే 35 మైళ్లకి తగ్గించి, లివర్ని రెండులో పెట్టి, ట్రైలర్‌కున్న కరెంటు బ్రేకుల్ని సరిచూసుకుని దించారు. ఇంజను 1,900 చుట్టూ తిరుగుతూ పట్టినంత పట్టింది. మిగతాది బ్రేకు పెడలు: కాసేపు గట్టిగా తొక్కి వేగం తగ్గించడం, పూర్తిగా వదిలి చల్లారనివ్వడం, మళ్లీ తొక్కడం. ట్రెజర్ ఫాల్స్ జలపాతం దగ్గర ఆగితే చక్రాల నుంచి వేడి వాసన వచ్చింది, పొగ మాత్రం లేదు.

పగోసా స్ప్రింగ్స్‌లో వేడినీటి గుంటల పక్కన కూర్చుని మేనమామ కాగితం మీద జాబితా రాశాడు. ఇంకా మిగిలిన పని ఉంది. రద్దీలో ఒకటి నుంచి రెండుకి గేరు పడేటప్పుడు సన్నని నాన్చుడు కనిపిస్తోంది; రెండో గేరుని పట్టేది ముందరి బ్యాండే. దాని స్క్రూ పెట్టె బయటే, ఎడమవైపు ఉంటుంది. 72 అంగుళ-పౌండ్ల బిగువు దాకా తిప్పి, ఒకటీ ఏడెనిమిదో వంతుల చుట్లు వెనక్కి తిప్పాలి. కింది తొట్టి దింపి ఫిల్టరు మార్చాలి, ఏటీఎఫ్ ప్లస్ 4 ఆయిల్ పోయాలి, తొట్టి అడుగున బూడిద రంగు పొడి సన్నగా ఉంటే సరే, మెరిసే రజను ఉంటే చెప్పాలి. వెనక బ్యాండు స్క్రూ తొట్టి లోపల ఉంటుంది, పనిలో పనిగా అదీ చూడాలి.

జాబితా అందుకున్న మేనల్లుడు ఒక అభ్యంతరం చెప్పాడు. తన అపార్ట్‌మెంటు అద్దె ఒప్పందంలో ఆవరణలో బండ్లు విప్పకూడదని రాసి ఉంది. ఫ్రిస్కోలో సొంతిల్లున్న మిత్రుడి గ్యారేజీ అడగొచ్చు, అయితే ఆ ఇంటి తలుపు ఎత్తు ఏడడుగులే. మేనమామ లేచి టేపు తెమ్మన్నాడు, బండి ఎత్తు కొలవడానికి.